దిగుడంతా అప్పే

మీరు కొత్తవాళ్ళు కాదని తెలుసు. కొత్తవాళ్ళతో నాకు పెద్ద దిగుల్లేదు. వాళ్ళు అంచు మీద నిలబడి, లోపలికి తొంగి చూసి, కళ్ళు తిరిగి, నాలుగు ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. నా దిగులంతా మీతోనే. భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్టల్లో బండలెక్కారు. మహబూబాబాద్ జిల్లా గూడూరు అడవిలో భీమునిపాదం దాకా నడిచారు. ఒకసారి హిమాలయాలకు పోయి కేదార్‌కంఠ మీద, 12,500 అడుగుల ఎత్తున, మంచులో జెండా పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో, ఉద్యోగానికో అరిజోనా వెళ్ళారు. గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడి, కింద దారంలా కనిపించే కొలరాడో నదిని చూసి, "ఇదెంత? పొద్దున దిగి సాయంత్రానికి వచ్చేద్దాం" అనుకుంటున్నారు. అవునా?

నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. ఆ కథ కాసేపట్లో చెబుతాను. ముందు అసలు చిక్కెక్కడుందో చూద్దాం.

గుట్ట చెబుతుంది, గండి చెప్పదు

గుట్ట ఎక్కేటప్పుడు కష్టం ముందు వస్తుంది. మొదటి గంటలోనే ఊపిరి ఎగబీలుస్తుంది, పిక్కలు పట్టేస్తాయి. "ఇవాళ మనవల్ల కాదు" అనిపిస్తే వెనక్కి తిరుగుతాం. అలసిన కాళ్ళకు దిగుడు దారి దొరుకుతుంది. అంటే మన శక్తి ఎంతో గుట్ట మనకు ముందే చెప్పేస్తుంది.

కాన్యన్‌లో ఇదంతా తలకిందులు. మొదట దిగుడు. చల్లటి పొద్దు, నిండు సీసాలు, కొత్త ఉత్సాహం. కాళ్ళు వాటంతట అవే పరుగెడతాయి. ఒక్కో మలుపు దగ్గర ఒక్కో రంగు బండ. అలసట ఉండదు కాబట్టి ఆగాలన్న ఆలోచన రాదు. అది వచ్చే సమయానికి మీరు అడుగున ఉంటారు. ఎండ నెత్తి మీద ఉంటుంది, సీసాలు సగమై ఉంటాయి, ఇంటి దారంతా ఎక్కుడే.

మా జనగామ వైపు అప్పు గురించి ఎవరికీ పాఠాలు చెప్పనక్కర్లేదు. వానల్లేని ఏడు తీసుకున్నది వానలు పడ్డ ఏడు మిత్తితో కట్టాలి. కాన్యన్‌లో దిగే ప్రతి అడుగూ అలాంటి అప్పే. ఇచ్చేటప్పుడు ఎవరూ గట్టిగా అడగరు. కట్టేటప్పుడు మాత్రం అసలు కాక మిత్తి ఉంటుంది. ఆ మిత్తి పేరే ఎండ.

భూపాలపల్లివాళ్ళకైతే ఇంకా దగ్గరి పోలిక ఉంది. అక్కడి భూగర్భ గనులను ఇంక్లైన్లంటారు. ఏటవాలు సొరంగంలో నడిచి దిగి, డ్యూటీ దిగాక అదే ఏటవాలు నడిచి ఎక్కిన పాత సింగరేణి కార్మికుడు మీ వాడకట్టులో ఉంటే అడిగి చూడండి. దిగిన దారి, ఎక్కిన దారి ఒక్కటేనా అని. ఆయన నవ్వే నవ్వులోనే ఈ అధ్యాయం సగం ఉంది.

అంకెలు ఒక్కసారి కళ్ళారా చూడండి

సిద్ధాంతం వద్దు, లెక్క చూద్దాం. దక్షిణపు అంచు నుంచి దిగే రెండు ప్రధాన దారుల్లో ఒకటి బ్రైట్ ఏంజెల్ ట్రైల్. అది మొదలయ్యే చోటు సముద్రమట్టానికి సుమారు 6,860 అడుగుల ఎత్తున ఉంది. నది దాదాపు 2,480 అడుగుల దగ్గర పారుతోంది. మధ్యలో తేడా 4,380 అడుగులు, మన లెక్కలో 1,335 మీటర్లు. మూడు మీటర్లకో అంతస్తు వేసుకుంటే 445 అంతస్తుల మేడ. ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. మన పాండవుల గుట్టల్లో మీకు ఊపిరాడకుండా చేసిన ఏ ఎక్కుడుతోనైనా పోల్చుకోండి.

రెండోది సౌత్ కైబాబ్ ట్రైల్. ఇది గుట్ట వెన్ను మీదుగా పోతుంది, అందుకే చూపు నలుదిక్కులా పారుతుంది. అందుకే నీడ కూడా దాదాపు ఉండదు. దారి పొడవునా తాగునీళ్ళు లేవు. సొంత కారు అక్కడిదాకా పోనివ్వరు, పార్కువాళ్ళ బస్సు ఎక్కాలి.

ఎండ లెక్క వేరు. వెయ్యి అడుగులు దిగితే సుమారు మూడు డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అంచు మీద హాయిగా 30 ఉంటే నది దగ్గర 42, 43 ఉంటుంది. వేసవిలో లోపల నీడలోనే 43 దాటడం మామూలు. ఇక ఎండలో రాయి పక్కన ఎంతో మీరే ఊహించుకోండి.

"మాకు ఎండ కొత్తా? మే నెలలో మా ఊళ్ళో 45 చూసినవాళ్ళం" అంటారా? చూశారు. కానీ ఆ 45లో మీరేం చేస్తున్నారు? మధ్యాహ్నం తలుపులు వేసుకుని కూలర్ ముందు పడుకున్నారు. ఆ ఎండలో ఎవరూ వందల అంతస్తులు ఎక్కరు. ఇంకో తేడా ఉంది. మన దగ్గర చెమట ఒంటికి అంటుకుని జిగటగా కారుతుంది, తడిసిన చొక్కా చెబుతుంది ఎంత పోయిందో. అక్కడి గాలి ఎంత పొడిదంటే చెమట పుట్టిన చోటే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది, నాకసలు చెమటే పట్టలేదనుకుంటారు. సాయంత్రం చూసుకుంటే నల్ల టోపీ అంచు మీద తెల్లటి ఉప్పు చారలు ఉంటాయి.

నా జూన్ నెల తెలివి

2019 జూన్. మా మేనల్లుడు అప్పటికి రెండేళ్ళుగా ఫీనిక్స్‌లో ఉంటున్నాడు. వాడితో కలిసి కాన్యన్‌కు పోయాను. పొద్దున హోటల్లో తీరిగ్గా టిఫిన్ చేసి, అంచు మీద ఫొటోలు తీసుకుని, బ్రైట్ ఏంజెల్ దారిలో అడుగు పెట్టేసరికి తొమ్మిదిన్నర. అది మొదటి తప్పు. ఆ సమయానికి, తెలిసినవాళ్ళు చెమటలు కక్కుతూ పైకి వస్తున్నారు. "అరె, వీళ్ళు అప్పుడే అలసిపోయారు" అని నేను జాలిపడ్డాను కూడా.

మా గురి 7.2 కిలోమీటర్ల దూరంలోని తోట. అప్పట్లో దాన్ని ఇండియన్ గార్డెన్ అనేవారు. అక్కడ ఉండి, వెళ్ళగొట్టబడిన హవాసుపాయ్ ప్రజల పేరు 2022లో పెట్టారు, ఇప్పుడది హవాసుపాయ్ గార్డెన్స్. పన్నెండుకల్లా చేరాం. రెండున్నర గంటలు. కాటన్‌వుడ్ చెట్ల నీడ, కొళాయిలో నీళ్ళు. స్వర్గం. నీళ్ళు కడుపారా తాగాం. మళ్ళీ తాగాం. పొద్దున తిన్న రెండు బ్రెడ్డు ముక్కలు, దారిలో ఒక అరటిపండు తప్ప కడుపులో ఏమీ లేదు. ఆకలిగా కూడా లేదు. ఎండలో ఎవరికి ఆకలేస్తుంది?

పన్నెండుముప్పావుకి ఎక్కడం మొదలెట్టాం. గంటలో తల పగిలిపోతోంది. ఇంకా నీళ్ళు తాగాలేమో అని ఇంకా తాగాను. మూడు మైళ్ళ విశ్రాంతి గృహం చేరేసరికి వాంతి. చేతి వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. అక్కడున్న రేంజరమ్మ నా పక్కన గొంతుక్కూచుని అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ గురించి కాదు. "ఏం తిన్నారు?" అని.

అర్థమైంది కదా? నీళ్ళు తక్కువై కాదు నేను పడింది. ఉప్పు లేకుండా నీళ్ళు ఎక్కువై. చెమటతో ఉప్పు పోతుంటే ఒట్టి నీళ్ళు పోస్తూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, చేతుల వాపు, తర్వాత మాట తడబాటు. ఎండదెబ్బలా కనిపిస్తుంది, కానీ మరిన్ని నీళ్ళు తాగితే ముదురుతుంది. ఆవిడ ఉప్పు బిస్కెట్లు నమిలించి, చొక్కా తడిపించి, నీడలో కాళ్ళు ఎత్తి పెట్టించి, ఎండ వాలేదాకా కదలనివ్వలేదు. అంచు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. దిగడానికి రెండున్నర గంటలు, ఎక్కడానికి ఏడు గంటల పైన. మిత్తి లెక్క మీరే కట్టుకోండి.

మరి ఏం చేయాలి?

1. వెనక్కి తిరిగే సమయాన్ని ఇంట్లోనే రాసుకోండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. చోటు కాదు, సమయం. "నది దాకా", "ఆ ఎర్రబండ దాకా" అని గురి పెట్టుకుంటే అది చేరేదాకా కాళ్ళు ఆగవు. గడియారం పెట్టుకుంటే ఆగుతాయి.

లెక్క చాలా సులువు. దిగడానికి ఒక గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు కేటాయించాలి. అంటే మీ దగ్గరున్న మొత్తం సమయంలో మూడో వంతే దిగడానికి. వేసవిలో పది నుంచి నాలుగు దాకా లోపల నడవొద్దని పార్కువాళ్ళే చెబుతారు. పదింటికి అంచు మీద ఉండాలనుకుంటే, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే, చేతిలో ఆరు గంటలు. రెండు గంటలు దిగుడు. ఆరింటికి ఎక్కడున్నా సరే, నది కనిపించినా కనిపించకపోయినా, వెనక్కి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆరయింది. పక్కనున్నవాడు అంటాడు: "మామా, ఇంకో రెండు మలుపులే. గింత దూరం వచ్చినంక నదిని సూడకుంట పోతమా?" ఏమంటారు? అప్పటికప్పుడు ఆలోచిస్తే ఒప్పుకుంటారు. అందుకే ఫోన్లో అలారం పెట్టండి, పెట్టేటప్పుడు మీతో వచ్చేవాళ్ళందరి ముందు పెట్టండి. అలారంతో ఎవరూ వాదించలేరు.

ఒక్కరోజులో నదికి దిగి తిరిగి ఎక్కొద్దని పార్కు సలహా, ముఖ్యంగా మే నుంచి సెప్టెంబరు దాకా. ఏటా 250 మందికి పైగా మనుషుల్ని కాన్యన్‌లోంచి కాపాడి తెస్తున్నారు. అందులో చాలామంది మనలాంటి "నాకు అలవాటే" బాపతే అయి ఉంటారని నా అనుమానం. నదిని చూడాల్సిందే అంటే రాత్రి అక్కడ ఉండే ఏర్పాటు చేసుకోండి. డేరా వేసుకోవాలంటే పర్మిట్ కావాలి. అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్‌లో మంచం కావాలంటే 15 నెలల ముందే లాటరీలో పేరు వేసుకోవాలి. అవును, 15 నెలలు. మన పెళ్ళి ముహూర్తాలకు కూడా అంత ముందు ఎవరూ హాలు బుక్ చేయరు.

2. మన కూలీల వేళ పాటించండి

జనగామ పల్లెల్లో వేసవిలో ఉపాధి పనికి పోయేవాళ్ళు ఎన్నింటికి పోతారు? తాటిచెట్టు ఎక్కే గౌడన్న ఎన్నింటికి మోకు భుజాన వేస్తాడు? పొద్దు పొడవకముందు, మళ్ళీ పొద్దు వాలాక. నడిమధ్యాహ్నం చెట్టు కింద. వాళ్ళకు ఎవరూ ట్రెక్కింగ్ పుస్తకం ఇవ్వలేదు. మీరు మధ్యాహ్నానికి లోపల చిక్కుకుపోతే అదే చేయండి. నీడ వెతుక్కుని, నాలుగు దాటేదాకా కూర్చోండి. పొద్దుగూకాక తలకు లైటు పెట్టుకుని నడవడం నామోషీ కాదు. కానీ ఆ లైటు సంచిలో ఉండాలి కదా? ఫోను లైటును లెక్కలో వేసుకోవద్దు, చీకటి పడేసరికి దాని చార్జింగు ఫొటోలకే అయిపోయి ఉంటుంది.

3. ఉప్పు, నీళ్ళు జోడెడ్లు

ఎండలో నడుస్తున్నప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు నీళ్ళు సరిపోతాయి. దాహమైనప్పుడు తాగండి, భయమైనప్పుడు కాదు. తాగిన ప్రతిసారీ ఏదైనా ఉప్పటిది నమలండి.

ఇక్కడ మన వరంగల్ పాత జిల్లావాళ్ళకు ఒక సదుపాయం ఉంది. అమెరికాలో ఖరీదు పెట్టి ట్రైల్ స్నాక్స్ అని కొనేవాటికంటే, అమ్మ సూట్‌కేసులో కుక్కి పంపిన సకినాలు మేలు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె. ఎండకు పాడవవు, ఆకలి లేకపోయినా ఒకటి విరిస్తే రెండోది నోట్లోకి పోతుంది. ఒకటే లోపం, సంచిలో నలిగి పొడి అవుతాయి. డబ్బాలో పెట్టండి. సర్వపిండి ఆ పూటకి ఆ పూట బాగుంటుంది. తీపి మాత్రమే తీసుకుపోవడం చాలామంది చేసే తప్పు. మూడో గంటకు చాక్లెట్ చూస్తేనే వికారం. నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా జేబులో వేసుకోండి. బీపీకి మందులు వాడేవాళ్ళు ఉప్పు సంగతి ముందే డాక్టరును అడగండి.

బయలుదేరే ముందురోజు పార్కు కార్యాలయంలో "దారిలో ఏ కొళాయిలు పనిచేస్తున్నాయి?" అని అడగడం మరవకండి. కాన్యన్ లోపలికి నీళ్ళు తెచ్చే పైపు 1960ల నాటిది, తరచూ పగులుతుంది. 2024 ఆగస్టులో అలా పగిలి దక్షిణపు అంచు మీద హోటల్ బసలే కొన్నాళ్ళు ఆపేశారు. మ్యాపులో కొళాయి బొమ్మ ఉన్నంత మాత్రాన నీళ్ళున్నట్టు కాదు. మన మిషన్ భగీరథ నల్లా చూసి బిందె పెట్టినవాళ్ళకు ఈ మాట వివరించాలా?

4. తడి తువ్వాల

కొళాయి కనిపించిన ప్రతిచోటా చొక్కా, టోపీ, మెడ చుట్టూ తువ్వాల పిండకుండా తడపండి. ఆ పొడిగాలికి అది కూలర్‌లా పనిచేస్తుంది. పది నిమిషాల్లో ఆరిపోతుంది, అదే దాని పని. నూలు బట్ట చలిలో పనికిరాదని హిమాలయాల్లో నేర్చుకుని ఉంటారు. ఇక్కడ ఆ పాఠం మరిచిపోండి. తడి నూలే కావాలి.

5. గోళ్ళు, కర్రలు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందుభాగానికి కొట్టుకుంటాయి. రెండువేల అడుగులు దిగాక బొటనవేలి గోరు నల్లబడుతుంది, నెల తర్వాత ఊడుతుంది. ముందురోజు గోళ్ళు తీయండి. బూటు అర సైజు పెద్దది ఉండాలి. దిగేముందు చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టండి.

కర్రలు ముసలివాళ్ళకని అనుకుంటారు మనవాళ్ళు. గొర్రెల మంద వెనక రోజంతా నడిచే కురుమాయన చేతిలో కర్ర ఎందుకుంటుంది? గొర్రెల కోసమే కాదు. దిగుడులో మోకాలి బరువు కొంత మోసేది అదే.

6. ఎక్కేటప్పుడు మాట్లాడుకుంటూ ఎక్కండి

పక్కవాడితో మాటలు సాగుతున్నంత వేగమే మీ వేగం. మాట మధ్యలో తెగి ఊపిరి కోసం ఆగితే, వేగం తగ్గించండి. గంటకోసారి పది నిమిషాలు కూర్చుని కాళ్ళు ఎత్తి రాయి మీద పెట్టండి. నిలబడి నడుం మీద చేతులు వేసుకునే విరామం విరామం కాదు. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి. వెనకుంటే ఏమవుతుంది? మీరు ఆగి వాళ్ళకోసం చూస్తారు, వాళ్ళు వచ్చీ రాగానే "పదండి" అని లేస్తారు. విశ్రాంతి అంతా బలమున్నవాడికే.

7. కంచరగాడిదలు వస్తే

దారి వాటిదే. కొండవైపు గోడకు ఆనుకుని కదలకుండా నిలబడండి. లోయ వైపు కాదు.

8. నదిలో దిగకండి

వేడెక్కిన ఒంటితో నది దాకా చేరినవాళ్ళకు అది పిలుస్తున్నట్టే ఉంటుంది. పైన గ్లెన్ కాన్యన్ డ్యామ్ అడుగు నుంచి వచ్చే నీళ్ళు అవి. ఐస్‌లా చల్లగా, చూపుకు తెలియనంత వడిగా ఉంటాయి. మన చెరువులో ఈత నేర్చినవాడి ఈత అక్కడ చెల్లదు.

9. ఆకాశాన్ని కాదు, ఎగువను చూడండి

2023 జులైలో మోరంచవాగు రాత్రికి రాత్రి మోరంచపల్లిని ముంచెత్తిన సంగతి భూపాలపల్లివాళ్ళకు చెప్పాలా? 2024 సెప్టెంబరు ఒకటిన కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడటం మహబూబాబాద్‌వాళ్ళు కళ్ళారా చూశారు. వాగుకు నీళ్ళు వచ్చేది మన నెత్తిమీది మబ్బు నుంచి కాదు, ఎగువ నుంచి.

ఎడారిలో ఇది ఇంకా ఘోరం. అక్కడ మట్టి తక్కువ, వాన పడితే రాయి మీద పడ్డట్టే, చుక్క ఇంకదు. ఇరుకు గండుల్లో రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. నీళ్ళొస్తే ఎటు పోతారు? 1997 ఆగస్టు 12న, అరిజోనాలోనే, పేజ్ ఊరి దగ్గర ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పోయారు. వాళ్ళున్న చోట వాన లేదు. ఎన్నో కిలోమీటర్ల ఎగువన పడింది. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మామూలు. ఇరుకు గండిలోకి దిగే ముందు మీ ఊరి వాతావరణం కాదు, ఆ వాగు పుట్టే చోటి వాతావరణం అడగండి.

ఇంటి దగ్గర సాధన ఎలా?

మన గుట్టలతో ఒక ఇబ్బంది ఉంది. అన్నీ ముందు ఎక్కించి తర్వాత దింపేవే. తలకిందుల సాధన కావాలంటే కొంచెం తెలివి వాడాలి.

రేగొండ మండలంలోని పాండవుల గుట్టలకు పోతే అందరూ ఏం చేస్తారు? బండి దిగగానే ఎత్తైన బండ వైపు ఉరుకుతారు. మీరు అలా చేయకండి. ముందు గుట్టల చుట్టూ, మధ్యనున్న గండుల్లో రెండు మూడు గంటలు నడవండి. గొంతెమ్మ గుహ చూడండి. గొంతెమ్మ అంటే కుంతమ్మే, పాండవుల తల్లి. మేకలబండ, ఎదురు పాండవులు చూడండి. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఆదిమానవులు గీసిన అడవిదున్న, జింక, చిరుతల బొమ్మలు చూడండి. ఈ బొమ్మలు 1990లోనే బయటి లోకానికి తెలిశాయి. ఫొటోలో బాగా పడాలని వాటిమీద నీళ్ళు చల్లేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. కాళ్ళు అలిశాక, ఎండ మొదలయ్యాక, అప్పుడు సంచి బరువుతో ఎక్కుడు మొదలెట్టండి. అలసిన కాళ్ళతో ఎక్కడం ఎలా ఉంటుందో ఒళ్ళు నేర్చుకోవాలి. ఇసుకరాయి మీద బూటు ఎక్కడ పట్టు దొరుకుతుందో, ఎక్కడ రేణువులు రాలి జారుతుందో కూడా అక్కడే తెలుస్తుంది. కాన్యన్ గోడల్లోనూ ఇసుకరాయి పొరలున్నాయి. మేలో వద్దు, ఫిబ్రవరి చాలు.

హైదరాబాద్‌లో ఎత్తైన అపార్టుమెంటులో ఉంటారా? లిఫ్టులో పైకి పోయి, మెట్లమీద దిగి, అవే మెట్లు ఎక్కండి. మొదట్లో ఒకసారి, రెండు నెలల తర్వాత పది సార్లు. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి. గండి రుచి నిజంగా చూడాలంటే కడప జిల్లా జమ్మలమడుగు దగ్గరి గండికోటకు పోయి, పెన్న కోసిన ఎర్రటి గోడల మధ్యకు బండల మీదుగా దిగి రండి. అక్కడ ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. చిన్నదే, కానీ వరస సరైనది.

రెండో యాత్ర

సిగ్గుతో మూడేళ్ళు కాన్యన్ పేరెత్తలేదు. తర్వాత ఒక అక్టోబరులో మళ్ళీ పోయాం, మామా అల్లుళ్ళం. ఈసారి సౌత్ కైబాబ్. నది వద్దనుకున్నాం. ఒకటే నియమం, ఎనిమిదింపావుకి అలారం.

ఆరున్నరకి మొదటి మలుపు దిగేసరికి అంచు మీద చలి మూడు డిగ్రీలుంది, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మైలున్నర దూరంలో సీడార్ రిడ్జ్ దాటేసరికి స్వెట్టర్లు విప్పాం. ఎదురుగా ఒక్కో శిఖరం మీద ఎండ పడుతుంటే అల్లుడు పేర్లు చదువుతున్నాడు: విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్. ఇలా దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలెట్టింది పంతొమ్మిదో శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్. అట్టడుగున నది పక్కనున్న నల్లటి రాయి పేరు విష్ణు శిస్ట్, వయసు సుమారు 170 కోట్ల ఏళ్ళు. "మామా, దేవుడు అట్టడుగున ఉన్నడు, మనం చూడకుండనే పోతున్నం" అన్నాడు. వాడి మాటల్లో ఇంకా కొంచెం ఆశ ఉంది. నేను పలకలేదు.

మూడు మైళ్ళ దగ్గర స్కెలిటన్ పాయింట్. అక్కడి నుంచి నది కనిపిస్తుంది, ఆకుపచ్చటి నూలుపోగులా. సకినాలు తిన్నాం. అలారం మోగింది. వాడు ఫొటో తీసుకున్నాడు, సంచి భుజాన వేసుకున్నాడు, నాకంటే ముందు వెనక్కి తిరిగాడు.

పదకొండున్నరకి అంచు ఇంకో పది నిమిషాల దూరంలో ఉంది. ఎదురుగా ఒక జంట దిగుతోంది. చెప్పులు, చేతిలో చెరో అర లీటరు సీసా. మా మాటలు విని ఆగారు.

"అన్నా, మీరు తెలుగా? నది దాకా ఎంతసేపు పడుతుంది?"

నేను నోరు తెరిచేలోపే అల్లుడు అందుకున్నాడు.

"దిగడానికా, ఎక్కడానికా?"